శుక్రవారం బంద్

జూలై 24, ఆదివారం

గోల్కొండ చూశాను. ఈ మాట కాగితం మీద పెట్టడానికే భయంగా ఉంది. నాయినకు లైబ్రరీ అని చెప్పి వెళ్లాను.

నాకు ఆరేళ్లప్పుడు పాలమూరు నుంచి వచ్చాం. కోటకూ, తెల్లాపూర్‌లో మేముండే గదికీ మధ్య లేచిన బిల్డింగుల్లో సగానికి అమ్మ తట్ట మోసింది. కోట లోపలికి మాత్రం ఇంట్లో ఇంతవరకు ఎవరూ పోలేదు. టికెట్ చింపే అతను చేయి చాపితే ఒక అడుగు వెనక్కి వేశాను. గేటు అంటే చాలు... ఆపి, ఎక్కడికి అని అడుగుతారనే అనిపిస్తుంది. ప్రత్యూష నాకంటే ముందు నడిచింది. తణుకు నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఊరు కొత్త ఆమెకు, భయం నాకు.

కింద గుమ్మటంలో చప్పట్లు కొడితే కొండ మీద వినబడుతుందట. గైడు ఎవరికో చెబుతుంటే పక్కన నిలబడి ఊరికే విన్నాం.

"కొట్టవే."

కొట్టలేదు.

"ఎవరికి వినపడుద్దని నీ భయం? సుల్తాన్లు పోయి చాలా కాలమైంది."

తెలుగు చెప్పే పద్మజ మేడం అప్పగించిన పని ఇది. ఫస్టియర్ పిల్లలు జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో పడతారు. "హాస్టలు, కాలేజీ, మధ్యలో బజ్జీల బండి. మూడేళ్లు అదే చూసి డిగ్రీ పట్టుకుని పోతారు. మీరిద్దరూ వారానికొక చోటు చూసొచ్చి చార్టు రాయండి. వ్యాసం వద్దు, వెళ్లేవాళ్లకు పనికొచ్చేది రాయండి." నా రాత గుండ్రంగా ఉంటుందని నన్ను ఎంచుకుంది.

జూలై 25, సోమవారం

నాయిన ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

జూలై 27, బుధవారం

దుర్గం చెరువు. రెండు క్లాసుల మధ్య పరుగున వెళ్లి వచ్చాం. రాళ్లు ఏనుగులు పడుకున్నట్టు. మధ్యలో నీళ్లు. రాయెక్కితే నాయిన కాపలా కాసే కంపెనీ బిల్డింగు నీలం అద్దాలతో కనిపించింది. చప్పున కూర్చున్నాను — అంత దూరం నుంచి చూస్తాడన్నట్టు.

చార్టులో రాశాను: ఒంటరిగా వెళ్లవద్దు. నీళ్ల దాకా దిగవద్దు. రాళ్లు జారతాయి. చీకటి పడేలోగా రావాలి.

ప్రత్యూష చదివి, "చూడదగిన స్థలాలు రాయమంటే చావదగిన స్థలాలు రాస్తన్నావేంటే" అంది.

నాకు ఇంకోలా రాయడం రాదు. నన్ను నమ్మి ఎవరో ఎక్కడికో బయలుదేరతారు. వాళ్లకు ఏమైనా అయితే?

జూలై 28, గురువారం

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి నాయిన బూట్లు విప్పకుండానే చెప్పాడు.

"ఇయ్యాల ఒక పిలగాన్ని ఎనక్కి పంపిన్రు. నౌకరిల చేరి నెల కాలే. పోలీసోల్ల వెరిఫికేషన్ల కేసు బయటపడ్డది. ఏదో ఊరేగింపుల పట్టుకున్నరంట. గేటు కాడ నేనే వాని బ్యాడ్జి తీస్కున్న."

అమ్మ అన్నం పెడుతూ ఆగింది.

"మంచిగ సదువుకున్న పిలగాడు. 'అన్నా, పోతున్న' అని నాకు చెయ్యి గలిపిండు." కాసేపు పళ్లెం వైపు చూశాడు. "తెలంగాణ రావాలె బిడ్డా. నాగ్గూడ రావాలె. గని కేసు మాత్రం మనింటికి రావద్దు. నువ్వు సదువు అయిపోయి గా గేటుల్నించే లోపలికి పోవాలె. నేను సలాం కొడ్త."

నవ్వాడు.

జూలై 29, శుక్రవారం

క్లాసులు జరగలేదు. ఊరేగింపు. రవీందర్ అన్న మెట్ల మీద నిలబడి అందరినీ పిలుస్తున్నాడు. ఫైనలియర్, సిద్దిపేట దగ్గరి ఊరు. నన్ను చూసి, "ఏమ్మా భాగ్యా, పాలమూరు బిడ్డవు, నువ్వు రాకుంటె ఎట్ల?" అన్నాడు.

"తలనొప్పి అన్నా."

"అందరికి ఒక్కటే దినం లేస్తది గా తలనొప్పి." నవ్వుతూనే అన్నాడు. వదిలేశాడు. గులాబీ రంగు ముఖం మీద, జుట్టులో... పండుగకు పోతున్నవాడిలా ఉన్నాడు.

గోడ పక్క నుంచి జారుకున్నాం. 218 ఎక్కి కోఠి, అక్కడి నుంచి నడక. మూసీ పక్కన మ్యూజియం. గేటు మూసి ఉంది. శుక్రవారం తెరవరట. కాపలా తాత, "ఈ ముక్క తెల్వక రోజూ పదిమంది వస్తరు, గేటు చూసి పోతరు" అన్నాడు. ఎండలో అంత దూరం వచ్చి, గేటు చూసి వెనక్కి.

ఇంకెవరికీ ఇలా కాకూడదు. చార్టులో ఇది పెద్దగా రాయాలి.

జూలై 31, ఆదివారం

మ్యూజియం. అందరూ గడియారం ముందు కూర్చుని ఉన్నారు. గంట కాగానే ఓ చిన్న బొమ్మ తలుపు తీసుకుని వచ్చి సుత్తితో గంట కొట్టి లోపలికి పోతుంది. మూడు కొట్టడానికి అరగంట కూర్చున్నాం. బొమ్మ వచ్చింది. జనమంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. అదొక్కటే నిమిషం నేను దేనికీ భయపడలేదు.

తర్వాత ఫోన్ మోగింది. నాయిన. ఎత్తలేదు. ఎత్తకపోతే ఎక్కువ కంగారు పడతాడని బయటికి వచ్చి చేశాను. "ఏం లే బిడ్డా, తిన్నవా అని" అన్నాడు.

ఆగస్టు 2, మంగళవారం

చార్టు పూర్తయింది. పై సగంలో మ్యూజియం పేరు, గడియారం బొమ్మ (ప్రత్యూష గీసింది), బస్సు నంబరు, లోపల ఏమేం చూడాలి. మా పేర్లు కూడా పైనే — సేకరణ: భాగ్య, ప్రత్యూష, బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. కింది సగం మొత్తం హెచ్చరికకు ఉంచాను.

"శుక్రవారం సెలవు అని రాయవే" అంది ప్రత్యూష.

సెలవు మనకిచ్చేది. తలుపులు మూస్తే బంద్. దుకాణం బంద్, నల్లా బంద్, ఫోన్ బంద్.

"మీకన్నిటికీ ఒకటే మాట. మేమైతే దుకాణం మూసేస్తాం, కుళాయి కట్టేస్తాం, ఫోను ఆపేస్తాం. మీ పని హాయి."

ఎర్ర స్కెచ్‌తో, ఎంత దూరం నుంచైనా కనపడేలా రాశాను:

శుక్రవారం బంద్!
గేటు దాకా వెళ్లి వెనక్కి తిరగవద్దు.
ఈ సంగతి తోటి విద్యార్థులందరికీ చెప్పండి.

మేడం బాగుందంది. హాస్టళ్లలో పంచడానికి యాభై కాపీలు తీయించమంది.

ఆగస్టు 3, బుధవారం

జిరాక్స్ షాపులో చార్టు మిషన్‌లో పట్టలేదు. "సగం సగం తీస్త, నడుమ పిన్ను కొట్టుకోన్రి" అన్నాడు. పై సగాలు ఒక కట్ట, కింది సగాలు ఒక కట్ట. ఆఫీసులో పిన్నులు అయిపోయాయి. అటెండర్ మల్లేశ్ అన్న, "ఆడ పెట్టి పో చెల్లే, రేపు నేను కొడ్త" అన్నాడు. బల్ల మీద పెట్టి వచ్చాను. అసలు చార్టు మేడం బీరువాలో. శుక్రవారం గోడకెక్కుతుంది.

ఆగస్టు 4, గురువారం

రేపు బంద్ అట. మధ్యాహ్నం నుంచి కాలేజీ అంతా అదే మాట. ఎవరు పిలిచారో తెలియదు. హాస్టళ్లకు కాగితాలు వచ్చాయట. పోయిన నెల రెండు రోజుల బంద్‌లో బస్సుల అద్దాలు పగలడం కళ్లారా చూశాను. మళ్లీనా?

ఎవరు రాస్తారో ఇవి. ఇంట్లో కూర్చుని రాసేస్తారు... రోడ్డు మీద ఉండేవాళ్ల సంగతి ఆలోచించరు.

నాయినకు డ్యూటీ ఉంది. పోవద్దన్నాను. "నేను పోకుంటె ఇంకోన్ని పెడ్తరు" అన్నాడు.

ఆగస్టు 5, శుక్రవారం

పదకొండింటికి అమ్మ ఫోన్. నాయిన డ్యూటీ చేసే బిల్డింగులోనే ఊడుస్తుంది. మాట సరిగా రాలేదు. "మీ నాయినకు... నెత్తురు..." అంతే. తర్వాత ఫోన్ కలవలేదు.

ఆటోలు లేవు. గదికీ రోడ్డుకీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో. పాల దుకాణం ఆమె పిలిచి కూర్చోబెట్టింది. కూర్చోలేకపోయాను.

మూడింటికి ఇద్దరూ వచ్చారు. మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు. దవాఖానలో కుట్లు వేశారు.

విద్యార్థులు, వంద మంది ఉంటారట, జెండాలతో గేటు దాకా వచ్చారు. ఎప్పుడూ వస్తారు, నినాదాలు ఇస్తారు, పోతారు. ఇవాళ పోలేదు.

"'అన్నా, నువ్వు మనోనివేనా?' అన్నరు. 'మనోన్నే బిడ్డా' అన్న. 'గట్లయితె గేటు తియ్యి' అన్నరు. 'నేను మనోన్నే గని గేటు నాది గాదు' అన్న. నవ్విన్రు గూడ. ఎనకనుంచి తోసుడు షురువైంది. క్యాబిన్ అద్దం నా మీదికొచ్చింది. పాపం, ఒక పిలగాడే తన జెండా చింపి చేతికి కట్టిండు."

ఎడమ చేత్తో చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు.

"అందరి చేతులల్ల ఇదే ఉండె. సదువు బిడ్డా. ఏం రాసిన్రు?"

విప్పాను. నా రాత.

జిరాక్స్ కాబట్టి ఎరుపు నల్లగా ఉంది. నా బ, నా ర. అమ్మ చూస్తోంది, నాయిన చూస్తున్నాడు. ఇద్దరికీ చదవడం రాదు. ఏం చదివినా నమ్ముతారు.

ఉన్నది ఉన్నట్టు చదివాను. శుక్రవారం బంద్. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరగవద్దు. ఈ సంగతి తోటి విద్యార్థులందరికీ చెప్పండి.

"గందుకే ఎనక్కి పోలే" అన్నాడు నాయిన. "ఎవలు రాసిన్రో గని, పోరగాండ్లు చెప్పినట్టె ఇన్నరు."

ఆగస్టు 6, శనివారం

కాలేజీ మూశారు. ప్రత్యూషకు ఫోన్ చేశాను. హాస్టల్ గోడ మీద కూడా ఆ కాగితమే ఉందట. నిన్న పొద్దున్నే చూసిందట.

"చెప్పలేదేం?"

"చెబితే నువ్వు ఏడుస్తావని."

రవీందర్ అన్నను పొద్దున పోలీసులు తీసుకుపోయారట.

ఆగస్టు 7, ఆదివారం

నాయిన నిద్రలో చేయి కదిలి మూలిగాడు, మధ్యాహ్నం. ఎదురుగా కూర్చుని ఉన్నాను. పుస్తకం తెరిచి. ఒక్క పేజీ కూడా...

పోలీసు జీపు మా వీధిలోకి వచ్చి వెళ్లింది. వేరే పని మీద కావచ్చు.

ఆగస్టు 8, సోమవారం

మల్లేశ్ అన్నను అడిగాను. కింది సగాలు ఏమయ్యాయని.

"బుధారం ఇద్దరు పిలగాండ్లొచ్చిన్రు చెల్లే. ముంగట బల్ల మీద సూసి, 'బంద్ కాయితాలు అచ్చినయ్' అని ఎత్కపోయిన్రు. నేను గూడ అవి వాళ్లయే అనుకున్న. నీవి గడియారం బొమ్మయి కదా? ఇగో, పైలంగ ఉన్నయ్."

పై సగాల కట్ట నా చేతిలో పెట్టాడు. యాభై కాగితాలు. యాభై చోట్ల నా పేరు. బ్యాగులో వేసుకున్నాను. అప్పటి నుంచి బ్యాగు బరువు వేరు.

ఈ కాగితాలు చూపిస్తే నేను ఏ బంద్‌కూ పిలవలేదని తెలుస్తుంది. చూపిస్తే రాసింది నేనేనని కూడా తెలుస్తుంది. రెండూ ఒక్కసారే. ఒకటి చెప్పి ఒకటి దాచడం కుదరదు.

ప్రత్యూష లంచ్‌లో చేయి పట్టుకుని బాత్రూం దగ్గరికి లాక్కుపోయింది. "చింపేద్దామే. నా పేరూ ఉంది కదా. ఆంధ్రా పిల్ల బంద్‌కి పిలిచిందంటే ఎవ్వరూ నమ్మరు. ఆంధ్రా పిల్ల బంద్‌ని ఎగతాళి చేసిందంటే మాత్రం అందరూ నమ్ముతారు. మా నాన్నగారికి తెలిస్తే ఈ రాత్రికే బస్సెక్కించేస్తారు."

చింపడానికి రెండు కాగితాలు తీసింది. నేను గుంజుకున్నాను. మా ఇద్దరికీ ఇంతవరకు గొడవ లేదు.

సాయంత్రం పద్మజ మేడం పిలిచింది. ఆమె బల్ల మీద కింది సగం ఒకటి. దాని మీద పేపర్ వెయిట్.

"నేను ఏమీ చూడలేదు. నువ్వు ఏమీ రాయలేదు. బీరువా తాళంచెవి పోయింది, అర్థమైందా?"

"మరి రవీందర్ అన్న, మేడం?"

కిటికీ వైపు చూసింది. "అతని మీద ముందే ఉన్నాయమ్మా కేసులు. ఇంకొకటి."

ఆగస్టు 9, మంగళవారం ఉదయం

ఇంకొకటి. పొద్దున లేచినప్పటి నుంచి ఇదే మాట. ఆయనకైతే ఇంకొకటి. నాకైతే మొదటిది. అందుకని నాది పెద్దదా?

ఆయన ఏమంటున్నాడట అంటే — నేను రాయలేదు, ఎవరు రాశారో తెలియదు. నిజమే చెబుతున్నాడు. నిజం చెప్పేవాడి దగ్గర ఇంకా ఏముంటుంది చెప్పడానికి? కొడతారని అంటున్నారు. నిజమో కాదో.

నాయిన గేటు గుర్తొస్తుంది. బ్యాడ్జి ఇచ్చేసి చేయి కలిపిన ఆ అబ్బాయి. ఆ అబ్బాయి స్థానంలో నేను, గేటు దగ్గర నాయిన.

ఆగస్టు 9, సాయంత్రం

ఏం చేశానో రాసుకోవాలి. వరసగా.

రెండింటికి కాలేజీ మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర గుడ్డసంచి. వచ్చేపోయే అందరి ముఖాలూ చూస్తోంది. ఎవరూ ఆగడం లేదు. నేను ఆగాను.

"బిడ్డా, ఠాణ ఏడుందో జర చెప్తవా? మా రవీందర్‌ను ఆడ పెట్టిన్రంట."

ఆయన అమ్మ. ఆయన నవ్వే ఆ ముఖంలో ఉంది.

"మీతో ఎవరూ రాలేదా అమ్మా?"

"పెద్దోడు దుబాయిల ఉన్నడు. నేనొక్కదాన్నే ఎల్లిన. గీ బిల్డింగులు సూస్తె అన్ని ఒక్క తీర్గనే ఉన్నయ్. ఏది ఏందో తెల్వక పరేషాన్ అవుతున్న."

చేయి తన పని తాను చేసింది. బ్యాగులోంచి ఒక కాగితం తీశాను, వెనక్కి తిప్పాను, దారి గీశాను. చార్టుల కోసం ఇన్ని రోజులు గీసీ గీసీ... కాలేజీ గేటు, ఎడమ చేతి వైపు పెట్రోలు బంకు, ఫ్లైఓవర్ కింద నుంచి, పెద్ద వేపచెట్టు, ఠాణా. చదవడం రాదని చెట్టు బొమ్మ, బంకు బొమ్మ గీశాను. "దారి తప్పితే ఇది ఎవరికైనా చూపించండి" అని చెప్పాను. నా తల మీద చేయి పెట్టింది. వెళ్లిపోయింది.

ఆమె రోడ్డు దాటాక తెలిసింది. కాగితం ముందువైపు గడియారం బొమ్మ ఉంది. మా పేర్లు ఉన్నాయి.

పరుగెత్తాను. పెట్రోలు బంకు దాకా. లేదు. ఏదో ఆటో ఎక్కించుకుని ఉంటుంది.

తెలియక ఇచ్చానా? బ్యాగులో నోటు పుస్తకం కూడా ఉంది. దాన్ని తీయలేదు. కట్టలోంచే తీశాను. నా చేతిని నేను అడుగుతున్నాను, చెప్పడం లేదు.

ప్రత్యూషకు చెప్పాను. "నీ పేరు ముందుంది కదా. ముందు నిన్నే అడుగుతారు" అంది. ఏడ్చింది. "నాకు తెలియదని చెబుతానే. క్షమించు" అంది. క్షమించడానికేముంది. నాకూ అలా చెప్పే వీలుంటే చెప్పేదాన్ని.

ఆగస్టు 10, బుధవారం ఉదయం

నాయినకు చెప్పేశాను. అమ్మ నీళ్లకు పోయినప్పుడు. మాటలు తడబడ్డాయి. మ్యూజియం, చార్టు, మిషన్‌లో పట్టకపోవడం, పిన్నులు అయిపోవడం. పిన్నులు అయిపోయాయనే దగ్గరే మూడుసార్లు చెప్పాను. రవీందర్ అన్న అమ్మకు ఇచ్చిన కాగితం సంగతి, గోల్కొండ కూడా చెప్పాను.

నాయిన విన్నాడు. కొట్టలేదు, అరవలేదు.

"నాకెర్కనే."

"ఎట్లా?"

"మూడో తరగతిల కెల్లి సూస్తున్న నీ అచ్చరాలు. నేను సదవలేను గని గుర్తువట్టలేనా?"

"మరి నాతో ఎందుకు చదివించినవ్ నాయినా?"

"ఉన్నది సదువుతవో, మాట మార్చి సదువుతవో సూద్దామని."

అంతే అన్నాడు. కట్టు ఉన్న చేతికి చొక్కా తొడగడానికి నా సాయం అడిగాడు. ఎక్కడికి అన్నాను.

"ఆ పిలగాని తల్లి గీపాటికి ఠాణల కూసొని ఉంటది. వాళ్లొచ్చి నిన్ను తీస్కపొయ్యేకంటె మనమే పోదం. నడిచి పోతె ఒక తీర్గ, జీపుల పోతె ఒక తీర్గ."

"కేసయితే?"

బూట్ల తాడు ఒంటి చేత్తో కట్టుకోబోయాడు. కట్టాను.

ఆగస్టు 10, మధ్యాహ్నం మూడు

ఠాణా. బయట బెంచీ మీద రాస్తున్నాను. లోపల నాయిన ఉన్నాడు.

రవీందర్ అన్న అమ్మ ఇక్కడే ఉంది. కాగితం ఇంకా ఆమె చేతిలోనే ఉంది, నాలుగు మడతలు. ఎవరికీ చూపలేదట. "మంచిగ గీసినవ్ బిడ్డా, ఎవ్వల్ని అడగలే, సక్కగొచ్చిన" అంది. అంటే నేను రాకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. ఇది నాయినకు చెప్పలేదు.

ఎస్‌ఐ ముందు రెండు సగాలూ పక్కపక్కన పెట్టాను. ఒకదాని కింద ఒకటి జరిపాడు. చదివాడు. మళ్లీ చదివాడు. కానిస్టేబుల్‌ను పిలిచి చూపించాడు. కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. ఎస్‌ఐ నవ్వలేదు.

"నిజంగనే మ్యూజియమా?"

"అవును సార్. శుక్రవారం తెరవరు."

"గేటు దాకా వెళ్లి వెనక్కి తిరగవద్దు. ఇదేంది?"

"ఊరికే పోయి రావద్దని సార్. మేం పోయి వచ్చాం."

"ఇవి ఎప్పుడు తీయించినవు? బంద్ ముంగటనా, తర్వాతనా?"

ముందే అని చెప్పాను. ఈ పై సగం తర్వాత తయారు చేసి తేలేదని నమ్మకమేంటి అన్నాడు. జిరాక్స్ షాపు, మల్లేశ్ అన్న, బీరువాలో ఉన్న అసలు చార్టు. అన్నీ చెప్పాను. మేడం పేరు కూడా చెప్పాను. తాళంచెవి పోయిందనే మాట మాత్రం చెప్పలేదు. ప్రత్యూష బొమ్మ మాత్రమే గీసిందని చెప్పాను.

నాయిన నా వెనక నిలబడి ఉన్నాడు. కట్టు ఉన్న చేయి వీపు వెనక పెట్టుకుని. ఎస్‌ఐ చూడనే చూశాడు.

"చెయ్యి ముంగట వెట్టు. గేటు కాడ దెబ్బ తగిలింది నీకేనా?"

"చిన్నదే సార్. నయమైంది."

"బిడ్డ కాయితం రాసె, అయ్యకు కుట్లు పడె." తల ఊపాడు. అప్పుడు నవ్వాడు కొంచెం. ఆ నవ్వు చూసి నాకు భయం తగ్గలేదు.

"సార్, రవీందర్ అన్నను..."

"అది నీ పని గాదు. జరిగింది మొత్తం ఒక కాయితం మీద రాసియ్యి. నీ చేత్తోనే. రాత చూడాలె."

ఆగస్టు 11, గురువారం

కాలేజీకి పోలేదు. నాయినను డ్యూటీకి రావద్దన్నారట. చేయి తగ్గేదాకా అన్నారో, అసలుకేనో సూపర్‌వైజర్ తేల్చి చెప్పలేదు.

రవీందర్ అన్నను ఇంకా వదల్లేదు. ఆయన అమ్మ నిన్న మాతో వచ్చి మా గదిలోనే పడుకుంది. పొద్దున అమ్మతో కలిసి జొన్నరొట్టెలు చేసింది. తన కొడుకును పోలీసులు పట్టుకుపోయింది కాగితం వల్లేనని తెలుసు. ఆ కాగితం నాదని నిన్న ఠాణాలో విన్నది. అయినా రొట్టె నా పళ్లెంలోనే ముందు వేసింది. తినలేకపోయాను. "తిను" అంది.

నిన్న రాసిచ్చిన దాని గురించే ఆలోచిస్తున్నాను. ఒక పేజీ, వెనక సగం పేజీ. తప్పుల్లేకుండా రాశాను. ఎక్కడా బంద్ అనే మాట వాడకుండా రాయాలని చూశాను, కుదరలేదు. మొదలుపెట్టే ముందు అడిగాను, పైన ఏమని రాయాలి సార్ అని. వినతిపత్రమా, వివరణా... ఇంకేదైనానా. పరీక్షలో కూడా శీర్షిక లేకుండా నేను ఏదీ మొదలుపెట్టను.

"పైన నాలుగు వేళ్ల జాగ ఇడిసి రాయి" అన్నాడు. "అది తర్వాత మేం రాస్తం."

నాలుగు వేళ్లు పెట్టి కొలిచి, వదిలి, కింద నుంచి రాశాను. చివర పేరు రాసి సంతకం పెట్టాను.